అమ్మవారు ఆపితే సరే, రేంజరు ఆపితే తప్పు

ఒక పని ఆగకపోతే మనుషుల ప్రాణాలు పోవచ్చని మీకు తెలిసినప్పుడు, దాన్ని ఆపే అధికారం కూడా మీ చేతిలోనే ఉన్నప్పుడు, మీరు ఇంకా ఎవరి అనుమతి కోసం ఎదురుచూస్తారు?

నేనైతే ఒక్క క్షణం ఆగను అని మీరనుకుంటారు. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ తర్వాత అటవీ శాఖలో చాలా ఏళ్లు పనిచేశాను. ఎదురుచూడటమే పనిగా పెట్టుకున్న మంచివాళ్లను ఎంతోమందిని చూశాను. వాళ్లలో దుర్మార్గులు తక్కువ. ఫోను ఎత్తి, అవతలి గొంతు వినేదాకా కలం మూత తీయనివాళ్లే ఎక్కువ.

నా సర్వీసు చివరి సంవత్సరాల్లో శృంగవరపుకోట పైన, కొండల అంచున ఉన్న ఒక రేంజికి నన్ను రేంజరుగా వేశారు. పిల్లల చదువుల కోసం ఇంటివాళ్లు విజయనగరంలో ఉండిపోయారు. క్వార్టర్సులో నేనొక్కడినే. నా రేంజిలో, రిజర్వు అడవి భూమి మీద, ప్రభుత్వం లీజుకిచ్చిన రాతి క్వారీ ఒకటి ఉండేది. అక్కడి కంకర మైదానంలో పడే ప్రతి కొత్త రోడ్డుకూ వెళ్లేది. భోగాపురం వైపు విమానాశ్రయం పనులు జోరందుకున్నాక లారీలకు తెరిపి లేదు. పనివాళ్లు కొందరు కొండ మీది గూడేలవాళ్లు, కొందరు కింద మెట్ట పంటలు చేతికి రాక వచ్చిన రైతు కుటుంబాలవాళ్లు, కొందరు ఒరిస్సా వైపు నుంచి వచ్చినవాళ్లు. అందరూ క్వారీ గోడ కిందే రేకుల షెడ్లలో కాపురం. ఆ గోడ మొదట్లో పసుపు పూసిన రాయి ఒకటి ఉంది. అది అమ్మవారు.

ఆ క్వారీలో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా జరిగే సంబరం సంగతి సరే. అది కాకుండా, మధ్యలో ఎప్పుడైనా అమ్మవారు 'అడిగిందంటే' మేనేజరు యంత్రాలు ఆపేసేవాడు, మేకపోతును పంపేవాడు. ఆ మూడు రోజులూ ఎవరూ రాయి ముట్టకూడదు. ఎవరూ ఇంటికి పోకూడదు. ముసలీ ముతకా, చంటిపిల్లల తల్లులూ అందరూ అమ్మవారి రాయి ముందే పొయ్యిలు పెట్టుకుని, అక్కడే తిని, అక్కడే పడుకోవాలి. ఆ సెలవుకు కాగితం లేదు, సంతకం లేదు. ఎవరూ ఎందుకని అడగరు.

నేను కుర్రతనంలో గాలిలోంచి విబూది తీసేవాళ్లతో సభల్లో వాదించి, చేతులు పట్టుకుని గుట్టు బయటపెట్టిన వాళ్లలో ఒకడిని. ఈ సెలవు సంగతి విన్నప్పుడు మొదట నవ్వు వచ్చింది. కొన్ని నెలలు అక్కడ తిరిగాక నవ్వడం మానేశాను. ఆ పనివాళ్లకు ఆదివారం లేదు, పండగ లేదు, జ్వరం వచ్చినా విశ్రాంతి లేదు. మనిషి అడిగితే దొరకని విశ్రాంతి అమ్మవారు అడిగితే దొరుకుతోంది. అలాంటి చోట అమ్మవారు తరచుగా అడగకుండా ఎలా ఉంటుంది?

ఇక నా దగ్గరున్న ఆపుదల సంగతి. అడవి భూమి మీద తవ్వకానికి లీజిచ్చినప్పుడు షరతులు రాస్తారు. మా క్వారీ షరతుల్లో, వెనక పేజీల్లో, పనిని తాత్కాలికంగా ఆపడం గురించి ఒక భాగం ఉంది. ఆపడం అంటే లీజు రద్దు కాదు. అడవికో మనుషులకో అపాయం కనబడితే, అది తేలేదాకా పని నిలిపివేయడం, అంతే. మామూలుగా ఆ ఉత్తర్వు డివిజను అధికారి ఇవ్వాలి. అపాయం తరుముకొస్తుంటే రేంజరు కూడా ఇవ్వవచ్చు. కానీ వారం లోపల పై అధికారి దాన్ని ఖాయం చేయకపోతే అది దానంతట అదే పోతుంది. ఆపిన కాలంలో పేలుడు మందు అక్కడ ఉండకూడదు. కొట్టిన రాయి కూడా తరలించకూడదు. మనుషులను అపాయం లేని చోటికి చేర్చే బాధ్యత లీజుదారుడిది. మళ్లీ మొదలుపెట్టాలంటే ముందు అన్ని శాఖలూ కలిసి చూడాలి.

చదవడానికి ఎంత శుభ్రంగా ఉందో చూశారా? నాకు తెలిసి మా జిల్లాలో ఏ రేంజరూ దాన్ని వాడలేదు. రాసినవాళ్లు కూడా వాడతారని రాసి ఉండరు.

ఆ ఏడాది వాన వదలకుండా కురిసింది. ఒక ఉదయం నేనూ మా బీటు గార్డూ క్వారీ గోడ పైనున్న జీడితోట చూడటానికి ఎక్కాం. గార్డు ఇక్కడి బాప్టిస్టు సంఘం కుటుంబంలో పుట్టినవాడు. ఆదివారం తెల్లచొక్కా వేసుకుని చర్చిలో పాటలు పాడేవాడు. మిగతా రోజుల్లో నన్ను నవ్వించేవాడు. ఆ రోజు మాత్రం అతను నాకన్నా ముందు ఆగిపోయాడు.

జీడిచెట్ల మధ్య నేల నెర్ర విచ్చింది. గోడ అంచుకు సమాంతరంగా, ఈ చివరి నుంచి ఆ చివరికి. చేతికర్ర దింపితే అడుగు తగల్లేదు. వాన నీళ్లు ఆ నెర్రలోకి పోతున్నాయి కానీ ఎక్కడా నిండటం లేదు. అంచు వైపున్న ఒక చెట్టు క్వారీ గొయ్యి మీదకు ఒరిగి, వేళ్లు సగం బయటపడి ఉంది. కిందికి చూస్తే రేకుల షెడ్లు, పొగ, ఆరవేసిన చీరలు.

అక్కడి నుంచే మా డివిజను అధికారి, డీఎఫ్‌ఓకు ఫోను చేశాను. నాకన్నా చిన్నవాడు, చదువుకున్నవాడు, లంచం ముట్టనివాడు. రాజధానిలో సమావేశంలో ఉన్నాడు. గనుల శాఖవాళ్లను పిలిపిద్దాం, కలిసి చూద్దాం, ఈలోగా రాతపూర్వకంగా ఏమీ పంపకండి అన్నాడు. కొండ కూడా ఆ సమావేశానికి వచ్చిందా సార్ అని అడగాలనిపించింది. అడగలేదు. గనుల శాఖకు చేస్తే వచ్చే వారం అన్నారు.

క్వారీ మేనేజరు దగ్గరికి వెళ్లాం. అతనూ ఈ ప్రాంతం వాడే. మర్యాదస్తుడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు. నెర్ర లేదని అనలేదు. కాగితం వద్దు అన్నాడు, అంతే. కాగితం మీద ఆపితే అది ఫైల్లో ఉండిపోతుందట, లీజు పొడిగించేటప్పుడు ఎవరో ఒకరు దాన్ని బయటికి తీస్తారట.

"ఆపుదాం రేంజరు గారూ, నాను వద్దంటన్నానేటి? అమ్మోరి పేరు సెప్పి ఆపీమండి. మూడ్రోజులు అవుతాది, వాన తగ్గుతాది. మీకూ మాట రాదు, మాకూ రాదు."

అమ్మవారు ఒంటి మీదకు వచ్చే ముసలామెకు కబురు వెళ్లింది. ఆమె కూడా అక్కడ రాయి కొట్టే మనిషే. ఎవరూ ఆమెకు ఏమీ నేర్పలేదు. వాన తగ్గకపోవడంతో ఆమె అప్పటికే రెండు రోజులుగా అమ్మవారికి కోపం వచ్చిందని అంటోంది. మేనేజరుకు అదే చాలు. యంత్రాలు ఆగాయి.

బయటికి వచ్చాక గార్డు తేలికపడ్డాడు. "పోన్లెండి సార్, ఆగింది కదా." నువ్వు చర్చికి వెళ్లేవాడివి, ఈ అమ్మవారి సెలవుకు నువ్వెలా సంతోషిస్తావు అన్నాను. "నాకు ఆ అమ్మోరి మీద నమ్మకం లేదు సార్. ఆ మేనేజరుకి ఉన్నాది కదా, సాలు."

నాకూ ఒక్క నిమిషం అలాగే అనిపించింది. కానీ అప్పుడే కుండలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు షెడ్లలోంచి గోడ మొదట్లోకి నడవడం చూశాను. వాళ్ల వెనక పిల్లలు. వాళ్ల వెనక మేకపోతు. ఎప్పుడూ చెల్లాచెదురుగా ఉండే జనమంతా ఇప్పుడు ఒక్క చోట, ఆ నెర్ర కింద, మూడు రోజులు పొయ్యిలు పెట్టుకోబోతున్నారు. యంత్రం ఆగింది. మనుషులు వెళ్లి సరిగ్గా చావు కింద కూర్చున్నారు.

పరిగెత్తాను. మేనేజరును జనాన్ని తీయించమన్నాను. ఆనవాయితీకి అడ్డు పడితే నన్ను బతకనిస్తారా అన్నాడు. నేనే రాయి దగ్గరికి వెళ్లి, నెర్ర సంగతి చెప్పి, అందరినీ కింద ఊళ్లో ఉన్న బడి దగ్గరికి పొమ్మన్నాను. కొందరు పైకి చూశారు. ఎక్కువమంది నా టోపీ వైపు చూశారు. ఒక మగమనిషి, అడివి ఆఫీసోళ్లు కట్టెలు కొట్టొద్దంటారు, ఇప్పుడు కూడొండుకోవద్దంటన్నారు అన్నాడు. అందరూ నవ్వారు. ముసలామె మాత్రం నవ్వలేదు.

"ఏటి బాబూ, అమ్మోరి కాడ ఉండొద్దంటావా? నువ్వు నమ్మవంట కదా. నమ్మనోడికి ఎందుకు బయం?"

"నమ్మను కాబట్టే భయం," అన్నాను. "నువ్వు పైకి చూసినప్పుడు నీకు అమ్మవారు కనబడుతుంది. నాకు రాయి కనబడుతోంది."

గార్డు నన్ను పక్కకు లాగాడు. అతను చెప్పిన ఉపాయం చాలా తేలిక. ముసలామె కాళ్లు పట్టుకుందాం, అమ్మవారు బడి దగ్గరికి పోవాలని అడుగుతోందని ఒక్క మాట అనమందాం. అన్న మరుక్షణం అందరూ లేచి పోతారు. "ఒక అబద్దం సార్. ఇంతమంది బతుకుతారు. దేవుడు కూడా తప్పు పట్టడు."

మీరైతే ఏం చేసేవారు? అతను చెప్పినట్టే చేసేవారని నాకు తెలుసు. దీని గురించి నేను తర్వాత ఎన్నోసార్లు ఆలోచించాను, స్నేహితులతో వాదించాను. హేతువాదం కోసం జనం ప్రాణాలతో పంతం పట్టావా అని నిలదీసినవాళ్లున్నారు. కాదు. అక్కడ నాకు కనబడింది వేరు. ఆ అమ్మవారి మేకపోతు మేనేజరుది. ఈ రోజు బడికి పొమ్మనే నోరు, రేపు మేనేజరు కోరితే, తిరిగి గోడ కిందికి రమ్మంటుంది. అప్పుడు ఏ ఆధారంతో వద్దంటాను? నిన్న విన్నవాళ్లం ఈ రోజు ఎందుకు వినకూడదు అంటే నా దగ్గర ఏ జవాబు ఉంటుంది? ఉత్తర్వు ఇచ్చిన అధికారిని ఎందుకిచ్చావని అడగవచ్చు, కోర్టుకు లాగవచ్చు, తప్పని తేల్చవచ్చు. అమ్మవారిని ఎందుకని ఎవరూ అడగలేరు. ఎందుకని అడగలేని అధికారం ఎంత మంచి పని చేసినా నాకు భయమే.

జీపు బానెట్ మీద పెట్టి ఉత్తర్వు రాశాను. ఫలానా షరతు ప్రకారం పని ఆపుతున్నాను, గోడ కింద ఒక్క మనిషి కూడా ఉండకూడదు, ఉంటే బాధ్యత లీజుదారుడిది. పక్కన సాక్షిగా సంతకం పెట్టమని గార్డును అడిగాను. అతను చేతులు తుడుచుకుని, నేల చూశాడు. "నాకు ఇంకా సర్వీసు ఉన్నాది సార్." నేను బలవంతపెట్టలేదు. నాకు మాత్రం మూడేళ్లే ఉంది. ధైర్యానికీ పింఛనుకూ ఉన్న ఈ సంబంధం మీద ఎవరైనా పరిశోధన చేయాలి.

కాగితం మేనేజరు చేతిలో పెట్టాను. చదివాడు. మళ్లీ చదివాడు. అంతవరకు గోడ కూలితే అది కొండ తప్పు, వాన తప్పు, అమ్మవారి కోపం. ఇప్పుడు అది అతని తప్పు. మనిషి ముఖం అంత త్వరగా మారడం నేను చూడలేదు. ఆనవాయితీకి అడ్డుపడితే బతకనివ్వరన్నవాడే లారీలు రప్పించాడు, గిన్నెలు ఎత్తించాడు, పొయ్యిలు తన్నించాడు. ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టారు. అవన్నీ అతనికి కాదు, నాకు. ఆ సాయంత్రం కాకముందే గోడ కింద ఖాళీ అయింది.

ముసలామె తప్ప.

ఆమె కదలనంది. అమ్మవారిని ఒక్కదాన్నే వదలనంది. మేనేజరు మనుషులు ఆమెను ముట్టుకోవడానికి జంకారు. నేను పోలీసులను పిలిస్తే ఆమెను ఈడ్చుకుపోయేవాళ్లు. అది నాకు ఇష్టం లేదు. అందరినీ దూరంగా పొమ్మని వెళ్లి ఆమె పక్కన, ఆ పసుపు రాయి ముందు కూర్చున్నాను. జీవితమంతా రాళ్లకు దండం పెట్టవద్దని చెప్పినవాడిని, ఒక రాయి ముందు, ఇంకో పెద్ద రాయి కింద కూర్చున్నాను. తల మీద చినుకులు పడుతున్నాయి. పైనుంచి చిన్న చిన్న రాళ్లు దొర్లిన చప్పుడు అప్పుడప్పుడూ వినిపిస్తోంది. అంత భయం నాకు ముందెన్నడూ లేదు. అంత ఒంటరితనం కూడా లేదు.

"నువ్వు పో బాబూ."

"నువ్వు లేస్తే పోతాను."

"నాకేటి, ముసలిదాన్ని. నీకు పిల్లలు ఉన్నారా?"

ఉన్నారన్నాను. ఏం చదువుతున్నారని అడిగింది. చెప్పాను. అన్నం తిన్నావా అని అడిగింది. లేదన్నాను. రాయి మీది పసుపును ఒకసారి చేత్తో తడిమింది. తర్వాత మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది.

"నీ సావు అమ్మోరి మీద ఎయ్యలేను. లే, ఎల్దాం."

చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకునే నేనూ లేచాను. ఆమెను నేను ఒప్పించానని ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆమె తన దారిలో తను ఆలోచించుకుంది. నా దారికి కాస్త దగ్గరగా వచ్చింది, అంతే.

ఆ తర్వాతి రోజుల గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే నన్ను తిన్నది. లారీలు ఆగిపోవడంతో టీ కొట్టువాడికి బేరం లేదు. నేను వెళితే పాలు అయిపోయాయనేవాడు. పని పోయిన మగవాళ్లు నా జీపు చూసి ముఖం తిప్పుకునేవాళ్లు. డీఎఫ్‌ఓ నా ఉత్తర్వును ఖాయం చేయలేదు, కొట్టేయనూ లేదు. తొందరపాటుకు సంజాయిషీ ఇమ్మని మాత్రం మెమో పంపాడు. పక్క రేంజిల స్నేహితులు రోజూ చేసే ఫోన్లు మానేశారు. గార్డు పొద్దున వచ్చేవాడు, పని చేసేవాడు, వెళ్లేవాడు. నవ్వించడం మానేశాడు. వంట చేసుకోవడానికి కూడా బద్ధకించి అటుకులు నానబెట్టుకుని తిన్నాను. వాన ఆగింది. ఎండ కాసింది. ఎండ చూసి జనం బడిలోంచి షెడ్లకు పోతామని గొడవ మొదలుపెట్టారు. నా ఉత్తర్వు గడువు ఇంకొక్క రోజు ఉంది.

ఆ మధ్యాహ్నం, మంచి ఎండలో, గోడ జారింది. నేను రేంజి ఆఫీసులో ఉన్నాను. చప్పుడు లారీ రాయి దింపినట్టుంది, కానీ ఆగలేదు. వెళ్లేసరికి షెడ్లు లేవు. అమ్మవారి రాయి లేదు. ధూళి అణిగాక జనం అంచున నిలబడి చూస్తున్నారు. ఒక్క మనిషికి కూడా గీత పడలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నాకు జోస్యం రాదు. ఆ గోడ జారకుండా ఇంకో పదేళ్లు నిలబడి ఉన్నా నా ఉత్తర్వు సరైనదే. ఆ రోజు కళ్లకు కనబడిన నెర్రను బట్టి అది సరైనది. జరిగిన తర్వాత తెలివైనవాడని పిలిపించుకోవడం లాటరీ తగలడం లాంటిది.

ఆ లాటరీ కూడా నాకు తగల్లేదు. ఎవరూ నన్ను తెలివైనవాడని పిలవలేదు. అమ్మవారు జనాన్ని కాపాడి తను మట్టిలోకి పోయిందని కథ పుట్టింది. లీజుదారుడు రోడ్డు పక్కన సిమెంటు గుడి కట్టించాడు. ప్రతిష్ఠకు నన్నూ పిలిచారు. వెళ్లాను, జనం కోసం. మైకులో మేనేజరు, ఆ కాగితం అమ్మవారే రేంజరు గారి సేత రాయించినాదని చెప్పాడు. చప్పట్లు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు.

"నా చేత అమ్మవారే రాయిస్తే, నాకొచ్చిన మెమోకు సంజాయిషీ కూడా అమ్మవారినే ఇమ్మనండి," అన్నాను.

ముసలామె ఒక్కతే నవ్వింది. మిగతావాళ్లకు కోపం వచ్చిందో, అర్థం కాలేదో తెలియదు. నేను ప్రసాదం పుచ్చుకుని జీపెక్కాను.

మెమో నిజంగానే నా ఫైల్లో ఉండిపోయింది. పై అధికారి అనుమతి లేకుండా వ్యవహరించినందుకు హెచ్చరిక. కొన్నాళ్లకు నన్ను ఎచ్చెర్ల వైపు ఒక మొక్కల నర్సరీకి మార్చారు. కవర్లలో టేకు, వేప, కానుగ మొక్కలు పెంచాను. అక్కడ ఆపాల్సిన పనేదీ లేదు. క్వారీ కొండకు అవతలి వైపు మళ్లీ మొదలైంది. కొత్త షెడ్లు కొత్త గోడ కిందే వేశారని గార్డు ఫోనులో చెప్పాడు. కొత్త రేంజరు ఏమంటున్నాడని అడిగాను. ఎదురుచూస్తున్నాడని చెప్పాడు.

ఈ కథ విని, పాపం మీరు ఒంటరిగా పోరాడారు అంటారు కొందరు. ఆ జాలి నాకు అక్కర్లేదు. ప్రజల ప్రాణాలు కాపాడే నియమం ఒకటి ఉండి, దాన్ని వాడే మనిషి ఒంటరివాడు కావాల్సి వస్తే, తప్పు ఆ మనిషి దురదృష్టంలో లేదు. ఆ నియమం ఉందని మీకు తెలియకపోవడంలో ఉంది. మీకు తెలియనంతకాలం మేకపోతులే క్వారీల్ని ఆపుతాయి, మేకపోతులే మళ్లీ నడిపిస్తాయి.

అందుకని మిమ్మల్ని అడగడం లేదు, చెబుతున్నాను. మీ ఊరి దగ్గర అడవి భూమి మీద క్వారీ గానీ గని గానీ ఉంటే, ఈ వారమే అటవీ శాఖ ఆఫీసుకు వెళ్లండి. ఒక్కరు వెళ్లవద్దు, పదిమంది వెళ్లండి. ఆ లీజు షరతులు అడిగి తీసుకోండి. పనిని తాత్కాలికంగా ఆపే భాగం ఎక్కడుందో వెతికి, గ్రామసభలో పైకి చదవండి. పగులు కనబడిన రోజున ఆపమని అర్జీ రాసి, కింద అందరూ పేర్లు రాయండి. ఆ అధికారి ఫోను ఎత్తి ఎవరినో అడగబోతే ఆపండి. ఆయన ఉత్తర్వు మీద సంతకం పెట్టేదాకా ఆ గది వదలకండి.